మోకాలికి తగిలే స్టీరింగ్: పాత పికప్ కేబిన్‌లో చోటు చేసుకునేదెలా?

ములకలచెరువు వైపు నుంచి టమోటా క్రేట్లు వేసుకుని తెల్లారకముందే మదనపల్లె యార్డుకు చేరే బండ్లలో పాతవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. టాటా 207లు, జీపు మూతి ఉన్న మహీంద్రా పికప్‌లు. రెండు మూడు చేతులు మారినవి. ఇంజను దమ్ముగానే ఉంటుంది, ఛాసిస్ గట్టిగా ఉంటుంది, ఎత్తిన బరువు మోస్తుంది. అయితే బండి ఆగాక డ్రైవరు దిగే తీరు ఒకసారి గమనించండి. తలుపు పట్టుకుని మెల్లగా దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, నాలుగడుగులు వంగే నడుస్తాడు. "ఏమన్నా, నడుం పట్టేసిందా?" అని అడిగితే, "నడుమొకటేనా, మోకాళ్ళు కూడా. దాని గూడు చిన్నది, నా ఒళ్ళు పెద్దది, ఏం చేద్దాం" అంటాడు.

నవ్వుతూ అన్న మాటే గానీ తీసి పారేసేది కాదు. కాళ్ళు ముడుచుకుని కూర్చున్న మనిషి యాక్సిలరేటరు మీంచి బ్రేకు మీదికి కాలు మార్చేటప్పుడు మోకాలు స్టీరింగ్ కింది అంచుకు తగులుతుంది. దాన్ని పక్కకు తప్పించి అప్పుడు తొక్కాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. మోకాలు తప్పించుకోవడానికి అర సెకను పట్టినా 7 మీటర్లు బ్రేకు పడకుండానే పోయినట్టు. అంటే బండి తన పొడవుకన్నా ఎక్కువే ముందుకు వెళ్ళిపోతుంది. చీకట్లో లైటు లేని ట్రాక్టరు ట్రాలీ ఎదురైతే ఆ 7 మీటర్లు చాలా పెద్ద లెక్క.

కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్న బండిలోనే, కేబిన్ కొయ్యకుండా, మూడు నాలుగు అంగుళాల చోటు సంపాదించవచ్చు. ఏ పని ఇంట్లో చేసుకోవచ్చు, ఏది సీటు కుట్టేవాళ్ళకు ఇవ్వాలి, దేని జోలికి పోకూడదు అన్నది ఈ వారం చూద్దాం.

చోటు ఎక్కడ పోయింది?

పికప్ తయారుచేసేవాళ్ళకు మొదటి లెక్క వెనక తొట్టి పొడవు. ఆ తర్వాతే కేబిన్. అందుకే వెనక గోడ నిటారుగా సీటును ఆనుకుని ఉంటుంది. కారులో సీటు వెనక ఇంకో సీటు ఉంటుంది కాబట్టి జరపడానికి చోటుంటుంది. పికప్‌లో సీటు వెనక రేకు, ఆ రేకు వెనక సరుకు. దానికి తోడు ముగ్గురు కూర్చునే బల్ల సీటు ఒకటే ముక్కగా ఉంటే, డ్రైవరు ఒక్కడి కోసం జరపడం కుదరదు.

ఈ ఇబ్బంది మన బండ్లకే పరిమితం కాదు. పికప్‌లకు పుట్టిల్లయిన అమెరికాలో పాత షెవర్లే పికప్‌లకు పెట్రోలు ట్యాంకు కేబిన్ లోపలే, సీటు వెనకే ఉండేది. 1949లో అలా లోపలికి తెచ్చిన ట్యాంకును 1973 మోడల్‌తో బయటకు, ఛాసిస్ దగ్గరికి మార్చారు. అక్కడ పాత బండ్లను ముచ్చటగా బాగుచేసుకునేవాళ్ళు మొదట చేసే పని ఆ ట్యాంకును పీకి తొట్టి కిందికి మార్చడం. దాంతో సీటు వెనక్కి జరగడానికి చోటు దొరుకుతుంది, పెట్రోలు వాసన పోతుంది, గుద్దుకున్నప్పుడు మంటల భయమూ తగ్గుతుంది. మన జీపులకు తాత అయిన విల్లీస్ జీపులోనయితే ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండేది.

మన డీజిల్ పికప్‌లలో ట్యాంకు కేబిన్ బయటే, ఛాసిస్ పక్కన ఉంటుంది. కాబట్టి మనకు ఆ మార్గం లేదు, ఆ అవసరమూ లేదు. మన చోటును తినేసేది సీటే. పాత స్ప్రింగులు, వాటి మీద కొబ్బరిపీచు పరుపు, దాని మీద స్పాంజి, మళ్ళీ మొదటి ఓనరు వేయించిన రెక్సిన్ కవరు, రెండో ఓనరు వేయించిన ముఖమల్ కవరు, ఆపైన పూసల చాప. ఒక్కొక్కటి అరంగుళం, అంగుళం. అన్నీ కలిసి మనిషిని స్టీరింగ్ మీదికి తోస్తాయి.

ముందు టేపు, తర్వాత స్పానరు

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, షెడ్డుకు పోయి "సీటు కొంచెం ఎనక్కి జరుపు మామా" అనడం. ఎంత వెనక్కి? ఎందుకు? మామకు తెలియదు, మనకూ తెలియదు. కాబట్టి ముందు కొలతలు తీయాలి.

బండిని చదునైన చోట ఆపండి. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆన్ చేయండి. ఇంజను నడుస్తుంటేనే బ్రేకు బూస్టరు పనిచేస్తుంది, పెడల్ ఎంత దూరం దిగుతుందో నిజంగా తెలుస్తుంది. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకునే కూర్చోండి. వీపు పూర్తిగా సీటుకు ఆనించండి. పెద్ద ప్రమాదం ఎదురైనట్టు బ్రేకు గట్టిగా తొక్కండి. అప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. కాలు కర్రలా చాచుకుపోతే సీటు మరీ వెనక ఉన్నట్టు. తొక్కకముందే మోకాలు స్టీరింగ్‌కో డ్యాష్‌బోర్డుకో తగిలితే మరీ ముందు ఉన్నట్టు. తర్వాత క్లచ్ నేల దాకా తొక్కండి. పిరుదు సీటు మీంచి లేవకూడదు.

ఇక చేతులు. భుజం సీటుకు ఆనించి చెయ్యి ముందుకు చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి. అరచెయ్యి పడితే దూరం ఎక్కువ, మోచెయ్యి దగ్గరికి వస్తే దూరం తక్కువ. తొడకూ స్టీరింగ్ కింది అంచుకూ మధ్య కనీసం నాలుగు వేళ్ళు దూరాలి. తలకూ కప్పుకూ మధ్య పిడికిలి పట్టాలి. గుంతలో పడ్డప్పుడు తల కప్పుకు కొట్టుకోకుండా ఆ పిడికెడు చోటే కాపాడుతుంది. చివరగా అన్నిటికన్నా ముందుండే గేరుకు లివర్ తోసి చూడండి, భుజం సీటు వదలకుండా అందాలి.

ఇప్పుడు టేపు తీసి నాలుగు కొలతలు రాసుకోండి. బ్రేకు పెడల్ నుంచి సీటు వీపు కింది భాగం దాకా, స్టీరింగ్ మధ్య నుంచి ఛాతీ దాకా, స్టీరింగ్ కింది అంచు నుంచి సీటు పైభాగం దాకా, సీటు చట్రం వెనక వైపు నుంచి కేబిన్ గోడ దాకా. తలుపు లోపలి రేకు మీద సుద్దముక్కతో రాసుకున్నా చాలు. ఈ నాలుగింటిలో ఏది తక్కువో దాన్ని బట్టే పని ఉంటుంది. తొడకు స్టీరింగ్ తగిలేవాడికీ, పొట్టకు స్టీరింగ్ తగిలేవాడికీ మందు ఒకటి కాదు.

ఖర్చు లేని అంగుళాలు

సీటు వెనక చేయి పెట్టి చూడండి. జాకీ, జాకీ రాడ్డు, తాడు, పాత టార్పాలిన్, రెండు గోనెసంచులు, పోయినేడు సంక్రాంతికి పెట్టిన బస్తా సూది. ఇవన్నీ అక్కడ కుక్కబట్టే సీటు వీపు ముందుకు ఒరిగి ఉంటుంది. అన్నీ బయటకు తీసి, జాకీకి తొట్టి పక్కన తాళం వేసే పెట్టె చేయించుకోండి. కేబిన్‌లో విడిగా పడి ఉన్న జాకీ రాడ్డు గుద్దుకున్న సమయంలో ఎగిరి తలకు తగులుతుంది కూడా.

కాళ్ళ దగ్గర మ్యాట్లు చూడండి. ఒకదాని మీద ఒకటి రెండు వేసిన బండ్లు బోలెడు. పైది తీసేయండి. మడమ అంగుళం కిందికి దిగుతుంది, ఆ మేరకు మోకాలు కూడా దిగుతుంది. జారే మ్యాటు పెడల్ కిందికి పోతే బ్రేకు పూర్తిగా దిగదు. నీళ్ళ సీసా కూడా అంతే. డ్రైవరు కాళ్ళ దగ్గర సీసా పెట్టుకోవడం మన దగ్గర పెద్ద అలవాటు, అది దొర్లి బ్రేకు పెడల్ కింద ఇరుక్కున్న రోజు తెలుస్తుంది దాని ఖరీదు. పంచె కట్టుకుని తోలేవాళ్ళు కుచ్చిళ్ళు పైకి దోపుకోవాలి. వెనక జేబులో పర్సు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటే తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది. నడుం నొప్పిలో దాని వాటా దానికి ఉంటుంది.

క్లచ్ సర్దుబాటు తప్పినా కాలు అనవసరంగా పైకి లేపాల్సి వస్తుంది. సీటు పని పెట్టుకోకముందే మెకానిక్‌తో ఫ్రీ ప్లే సరిచేయించండి. ఆ ఒక్కదానితోనే మోకాలి బాధ తగ్గినవాళ్ళున్నారు.

స్పాంజి పని

అసలు చోటు ఇక్కడే దొరుకుతుంది. సీటు వీపు మందం రెండంగుళాలు తగ్గితే మనిషి రెండంగుళాలు వెనక్కి పోతాడు. బండిలో ఒక్క బోల్టు కదలదు, ఒక్క రేకు తెగదు.

సీటు కుట్టేవాళ్ళ దగ్గరికి సీటు విప్పి పట్టుకుపోండి. పాత కవర్లన్నీ ఊడదీయించండి. లోపల స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి, కొబ్బరిపీచు పొడిపొడిగా రాలుతుంది. వీపు భాగంలో లోతైన స్ప్రింగులు తీసేసి, చట్రానికి నైలాను నవారు అడ్డంగా, నిలువుగా బిగించి అల్లించండి, మంచానికి అల్లినట్టే. నూలు నవారు వద్దు, ఆరు నెలల్లో సాగుతుంది. నవారు మీద గట్టి స్పాంజి. ముక్కలు కలిపి అదిమి చేసేదాన్ని రీబాండెడ్ అంటారు, అది ఒక అంగుళం వేసి, పైన మెత్తటిది అర అంగుళం వేస్తే సరిపోతుంది. అంగడిలో బొటనవేలితో నొక్కి చూసి కొనకండి. మోకాలు పెట్టి ఒళ్ళు బరువు మోపండి. అడుగు దాకా అణిగిపోతే ఆ స్పాంజి పనికిరాదు.

వీపంతా ఒకే మందం పెట్టించడం తప్పు. నడుం ఒంపు ఉన్నచోట అరచెయ్యి మందం ఎత్తు ఉండాలి, భుజాల దగ్గర పలచగా ఉండాలి. ఇది కుట్టేవాడికి మనమే చెప్పాలి. లేకపోతే అతను అందంగా, దిట్టంగా, పెళ్ళిపల్లకీలా కుట్టి ఇస్తాడు. చూడ్డానికి బాగుంటుంది, కూర్చుంటే మళ్ళీ స్టీరింగ్ పొట్టకు తగులుతుంది. నవారు బదులు ప్లైవుడ్ చెక్క బిగిస్తామంటారు కొందరు. పని తొందరగా అవుతుందని అలా అంటారు. ప్రమాదంలో ఆ చెక్క విరిగి వీపులో దిగుతుంది, ఒప్పుకోవద్దు.

సీటు అడుగు భాగం విషయంలో మాత్రం ఆలోచించి చేయాలి. అడుగు స్పాంజి తగ్గిస్తే తలకు, తొడకు చోటు పెరుగుతుంది. కానీ తుంటి కిందికి పోయిన కొద్దీ మోకాళ్ళు పైకి లేస్తాయి. పొడుగు మనిషి స్టీరింగ్ తగులుతోందని అడుగు కోయించుకుంటే, అప్పటిదాకా స్టీరింగ్‌కు తగిలిన మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తగలడం మొదలవుతుంది. సీటు వెనక్కి జరగడానికి చోటు ఉన్నప్పుడే అడుగు దించాలి. రెండూ కలిపి చేస్తేనే లాభం. తుంటి వైపు అంగుళం దించి, మోకాలి వైపు అలాగే ఉంచితే తొడకు ఆనిక దొరుకుతుంది, ముందుకు జారడం తగ్గుతుంది. సీటు ముందు అంచుకూ పిక్కకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. అంచు పిక్కకు ఒత్తుకుంటే కాలు తిమ్మిరెక్కుతుంది. తిమ్మిరెక్కిన కాలికి బ్రేకు ఎంత తొక్కిందీ తెలియదు.

సీటును వెనక్కి జరపడం

స్పాంజితో సరిపోకపోతేనే దీనికి పోవాలి. కొలతల్లో నాలుగోది, సీటు చట్రానికీ గోడకూ మధ్య సందు, ఇప్పుడు అక్కరకు వస్తుంది. ఆ సందు మూడంగుళాలు ఉంటే ఒకటిన్నర, మహా అయితే రెండు వాడుకోండి. కనీసం ఒక అంగుళం వదలాలి. గతుకుల్లో కేబిన్ అటూ ఇటూ ఊగుతుంది, సీటు గోడకు రాసుకుంటే చప్పుడు ఒకటి, రేకు తుప్పు ఒకటి.

మా ఇంటి పాత పికప్ సంగతి చెబుతాను. మొదటిసారి ఒక షెడ్డులో ఈ పని చేయించాం. సీటు కాళ్ళకు పట్టీ ముక్కలు పెట్టి, నేల రేకుకే నేరుగా వెల్డింగ్ చుక్కలు పెట్టి పంపించాడు. గంటలో అయిపోయింది, మేమూ సంతోషించాం. ఆరు నెలలకు, లోడుతో వస్తూ ఒక మలుపులో గేదె అడ్డమొస్తే బ్రేకు గట్టిగా తొక్కాను. సీటు ముందు ఎడమ కాలు రేకుతో సహా ఊడి, సీటు వెనక్కి ఒరిగింది. కాలు బ్రేకు మీంచి జారిపోయింది. గేదె అదృష్టమో మాదో, అది పక్కకు తప్పుకుంది.

అలా ఎందుకయ్యిందో అర్థం చేసుకుంటే మిగిలినదంతా అర్థమవుతుంది. కంగారులో బ్రేకు తొక్కినప్పుడు కాలు పెడల్‌ను ఎంత బలంగా ముందుకు నెడుతుందో, వీపు సీటును అంత బలంగా వెనక్కి తోస్తుంది. ఆ బలం మొత్తం సీటు కాళ్ళ మీద, ఆ కాళ్ళు దిగిన నేల మీద పడుతుంది. నేల పలచటి రేకు. కంపెనీవాళ్ళు సీటు బోల్టు దిగే చోట లోపల అదనపు పట్టీ వేసి బలం ఇస్తారు. మనం ఆ చోటు వదిలి రెండంగుళాలు అవతల కొత్త బెజ్జం వేస్తే అక్కడ ఉట్టి రేకే ఉంటుంది.

కాబట్టి పాత బెజ్జాలు వదలకూడదు. 5 మిల్లీమీటర్ల మందానికి తగ్గని ఇనుప పట్టీ తీసుకుని, దాన్ని పాత బెజ్జాలకే కంపెనీ బోల్టు సైజుతో బిగించి, సీటు కాళ్ళను ఆ పట్టీ మీద వెనక్కి బిగించాలి. పట్టీ సీటు ముందు కాలి నుంచి వెనక కాలి దాకా ఒకటే ముక్కగా ఉంటే మేలు. బోల్టుల తల మీద 8.8 అని అంకె ఉన్నవే వాడాలి. తుప్పు పట్టిన డబ్బాలో దొరికిన బోల్టు వద్దు. నట్లు నైలాను వలయం ఉన్నవి వాడితే అదురుకు వదులవ్వవు. ఎక్కడైనా కొత్త బెజ్జం తప్పనిసరి అయితే, రేకు కింద అరచెయ్యంత ఇనుప బిళ్ళ వేసి దాని మీదుగా బిగించాలి. ఎత్తు సరిచేయడానికి వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం, చెక్క ముక్క దూర్చడం పనికిరావు. లేత్‌లో ఇనుప గొట్టం ముక్కలు సరిగ్గా కోయించుకోండి.

బెజ్జం వేసే ముందు బండి కిందికి దూరి చూడాలి. ఆ రేకు అవతల బ్రేకు గొట్టం ఉండొచ్చు, డీజిల్ పైపు ఉండొచ్చు, వైర్ల కట్ట ఉండొచ్చు. పైనుంచి డ్రిల్లు వేస్తే దేనికి తగిలిందీ అప్పటికి తెలియదు, ఘాట్‌లో దిగేటప్పుడు తెలుస్తుంది. పట్టీకి వెల్డింగ్ కావాలంటే బండి బయట చేయించి తెచ్చి బిగించండి. కేబిన్ లోపల వెల్డింగ్ వద్దు. మ్యాటు కింద ఉండే జంపఖానా లాంటి గుడ్డ, తారు పూత, స్పాంజి నిప్పురవ్వ తగిలిన గంట తర్వాత కూడా రాజుకుంటాయి.

తల వెనక అద్దం

సీటు జరిపేవాళ్ళు కాళ్ళనే చూస్తారు, తలను మరచిపోతారు. పికప్‌లో తల వెనక చాలా దగ్గర్లోనే అద్దం ఉంటుంది. సీటు రెండంగుళాలు వెనక్కి పోతే తల కూడా రెండంగుళాలు దానికి దగ్గరవుతుంది. వెనకనుంచి లారీ తగిలితే మొదట వెనక్కి పోయేది తలే. వీపు దిండు పొట్టిగా ఉన్న పాత సీట్లకు తలకు ఆనిక ఉండదు. అలాంటి బండిలో సీటు వెనక్కి జరపాలంటే తల ఎత్తు దాకా ఆనిక ఉన్న సీటు వేసుకోవాలి. అది కుదరకపోతే స్పాంజి పనితో ఆగిపోవడం మంచిది.

బెల్టు కూడా చూసుకోవాలి. భుజం బెల్టు పక్క స్తంభం మీంచి వస్తుంది. మనం వెనక్కి పోయాక ఆ బిగింపు భుజానికి ముందుకు వచ్చేస్తే బెల్టు ఒంటిని పట్టదు. బెల్టు బిగించిన చోటు మాత్రం మార్చకూడదు. సీటే కాస్త ముందుకు తెచ్చుకోవాలి. పైగా వెనక్కి కూర్చున్నవాడికి పక్క చూపును ఆ స్తంభమే అడ్డుకుంటుంది. అందుకని సీటు కదిలిన రోజే రెండు పక్క అద్దాలూ మళ్ళీ సరిచేసుకోవాలి.

ముట్టుకోకూడనివి

చిన్న స్టీరింగ్ వేయిస్తే తొడకు చోటు దొరుకుతుంది, నిజమే. కానీ పవర్ స్టీరింగ్ లేని బండికి స్టీరింగ్ చక్రమే మీట. 400 మిల్లీమీటర్ల చక్రం తీసి 350ది వేస్తే తిప్పడానికి దాదాపు ఏడో వంతు బలం అదనంగా కావాలి. లోడుతో, యార్డు గేటు దగ్గర నిలబడిన బండిని తిప్పేటప్పుడు భుజాలకు తెలుస్తుంది. అంగట్లో అమ్మే చక్రాల్లో నాసిరకంవి కూడా ఎక్కువే.

పెడల్ కడ్డీలు వంచడం, కోసి అతికించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అతికిన చోట విరిగితే అది విరిగేది గట్టిగా తొక్కినప్పుడే. స్టీరింగ్ రాడ్డు కిందికి దించడం, కేబిన్ వెనక గోడ కోసి తొట్టిలోకి పెంచడం కూడా అంతే. ఆ గోడ ఉట్టి రేకులా కనిపించినా కేబిన్ నలగకుండా నిలబెట్టేది అదే. బ్రేకు వేసినప్పుడు తొట్టిలోని సరుకు మన మీదికి రాకుండా ఆపే వాటిలో అదీ ఒకటి.

ఇద్దరు తోలే బండి

మన ఇళ్ళలో బండి ఒకరిది కాదు. పగలు అన్న తోలతాడు, రాత్రి తమ్ముడు తోలతాడు, ఇద్దరికీ తీరిక లేకపోతే పాలేరు తోలతాడు. ఆరడుగుల అన్న కోసం సీటు వెనక్కి శాశ్వతంగా బిగిస్తే, ఐదడుగుల మూడంగుళాల తమ్ముడికి క్లచ్ అందదు. అతను వీపు వెనక దిండు పెట్టుకుంటాడు. మలుపులో దిండు పక్కకు జారుతుంది, బ్రేకు తొక్కితే అణుగుతుంది. అన్నకు తప్పిన ప్రమాదం తమ్ముడికి చుట్టుకుంటుంది.

ఇలాంటి ఇంట్లో పట్టీ బదులు జరిగే రైళ్ళు వేయించడమే దారి. పాత బండ్లు విడగొట్టే చోట కార్ల సీటు రైళ్ళు దొరుకుతాయి. కొనేముందు రెండు వైపులా గొళ్ళెం పడుతోందో లేదో చూడండి. ఒక వైపే పట్టేది, పళ్ళు అరిగినది వద్దు. బిగించాక సీటును రెండు చేతులతో ముందుకూ వెనక్కూ గట్టిగా గుంజి చూడాలి. టక్కుమని కదిలితే ఆ రైలు మార్చాల్సిందే. రైలు వేసినందువల్ల సీటు ఎత్తు అంగుళం దాకా పెరుగుతుంది. ఆ మేరకు అడుగు స్పాంజి తగ్గించుకోకపోతే తలకు ఉన్న పిడికెడు చోటు పోతుంది.

బల్ల సీటు అయితే డ్రైవరు భాగాన్ని వేరు చేయించాలి. ఇది చట్రం పని, అనుభవం ఉన్న సీటు తయారీవాళ్ళకే ఇవ్వండి. ఆర్.సి.లో రాసిన సీట్ల సంఖ్య మాత్రం మారకూడదు.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండి కట్టుబడిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే స్పష్టం చేసింది. సీటు స్పాంజి, కవరు మార్చుకుంటే కట్టుబడి మారినట్టు కాదు. కేబిన్ కోయడం, పొడిగించడం మాత్రం ఖాయంగా దీని కిందికి వస్తాయి. పట్టీలు, రైళ్ళు వేసేముందు ఒకసారి బ్రేకు ఇన్‌స్పెక్టరును కలిసి, చేయబోయే పని చెప్పి అడగండి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించుకోవాల్సిందే. అక్కడ అభ్యంతరం వచ్చి పని మళ్ళీ ఊడదీసే కన్నా ముందు అడగడమే చౌక. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్ళు మొదట వెతికేది కూడా ఇలాంటి మార్పులనే.

పని అయ్యాక

మా బండికి రెండోసారి చేసిన లెక్క ఇది. సీటు వీపు మందం 6 అంగుళాల నుంచి 4కు దిగింది. పాత బెజ్జాల మీద ఒకటే పట్టీ వేసి ఒకటిన్నర అంగుళం వెనక్కి జరిపాం. మొత్తం మూడున్నర అంగుళాలు. తుంటి దగ్గర స్పాంజి ఒక అంగుళం తగ్గించాం. తొడకూ స్టీరింగ్‌కూ మధ్య ఇదివరకు రెండు వేళ్ళు పట్టేవి, ఇప్పుడు నాలుగు వేళ్ళు సులువుగా పడుతున్నాయి. ఖర్చు ఎంతయ్యిందని అడిగితే టమోటా లెక్కలోనే చెప్పాలి. ధర ఉన్న రోజున నాలుగైదు క్రేట్లు, ధర లేని రోజున బండెడు.

పని పూర్తయ్యాక మొదట చేసిన పరీక్షలన్నీ అదే వరుసలో మళ్ళీ చేయాలి. బ్రేకు, క్లచ్, మణికట్టు, నాలుగు వేళ్ళు, పిడికిలి, గేరు. ఆ తర్వాత ఖాళీ బండిని ఊరి పక్క రోడ్డు మీద పదిహేను నిమిషాలు తోలి, ఎవరూ లేని చోట రెండుసార్లు గట్టిగా బ్రేకు వేసి చూడాలి. సీటు కదిలినట్టు అనిపిస్తే అక్కడే ఆపండి. అంతా బాగుంటే లోడుతో ఒక ట్రిప్పు తిరిగి వచ్చి, చల్లబడ్డాక బోల్టులన్నీ స్పానరుతో ఒకసారి పట్టి చూడాలి. కొత్త బిగింపు మొదటి వారంలో కొంత సర్దుకుంటుంది కాబట్టి వారం తర్వాత మళ్ళీ చూడాలి. బోల్టు తల మీదుగా పట్టీ దాకా పెయింటుతో ఒక సన్నటి గీత గీసి ఉంచితే, బోల్టు తిరిగిందో లేదో టార్చిలైటు వేస్తే చాలు, చూడగానే తెలుస్తుంది. జరిగే రైలు అయితే అన్న కూర్చునే చోట ఒక రంగు చుక్క, తమ్ముడి చోట ఇంకో రంగు చుక్క పెట్టుకోండి. రాత్రి బండి మార్చుకునేటప్పుడు, తాళం తిప్పకముందే సీటు చుక్కకు జరుపుకోవచ్చు.